కాలు విరిగిన రాజహంస

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో "విశ్రాంత జీవితం - వ్యాపకాలు" అన్న అంశం మీద చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన మిత్రులు ఒకరు యోగాసనాల గురించి, ఒకరు పెరటి తోట గురించి చక్కగా చెప్పారు. రెండూ ఆరోగ్యానికి మంచివే. నేను చెప్పబోయేది అంత ఉపయోగకరమైనది కాదు. చెక్కలో పక్షులను కోయడం గురించి. వడ్రంగం అనుకోకండి. కుర్చీ, బల్ల చేయడం నాకు రాదు. వానాకాలం తలుపు బిగిసిపోతే మా ఇంట్లో ఈనాటికీ వడ్రంగికే కబురు పంపుతాం. నాకు వచ్చిందల్లా పలుచని పలక మీద పక్షి బొమ్మ గీసుకుని, అక్కర్లేని చోట్లన్నీ కోసి తీసేసి, మిగిలినదాన్ని జాలీలాగా నిలబెట్టడం. దీన్ని ఫ్రెట్ వర్క్ అంటారు. అది చేసే యంత్రం పేరు స్క్రోల్ సా. చూడడానికి కుట్టుమిషన్ లాంటిదనుకోండి. సూది ఉండే చోట నూలుపోగంత సన్నని రంపపు బ్లేడు పైకీ కిందకీ ఆడుతూ ఉంటుంది. గుడ్డను జరిపినట్టు మనం చెక్కను జరుపుతూ పోవాలి. రంపం కదలదు, చెక్కే కదులుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా కథంతా దాని మీదే నడుస్తుంది.

నేను ఈ పని మొదట చూసింది హైస్కూల్లో. ఆ రోజుల్లో క్రాఫ్టు పీరియడ్ ఉండేది. మా క్రాఫ్టు మాస్టారు యు ఆకారపు ఇనుప చట్రానికి సన్నని బ్లేడు బిగించి, టీ పెట్టె పలకల్లో చిలకలు, తామరపూలు కోయించేవారు. ఒక్క చిలక కోసేసరికి నాలుగు బ్లేడ్లు తెగేవి, నాలుగు చీవాట్లు పడేవి. మాస్టారి దగ్గర ఇంగ్లండు నుంచి వచ్చిన "హాబీస్" అనే పత్రిక పాత ప్రతులు కొన్ని ఉండేవి. ఆ వారపత్రిక 1895లో మొదలైంది. సంచికతోపాటు కోసుకోవడానికి నమూనా కాగితం కూడా ఇచ్చేవారట. అక్కడ కాలితో తొక్కే యంత్రాలు ఇళ్ళలోకి వచ్చాయి. మాకు చేతి చట్రమే గతి. స్కూలు ఫైనల్ అయ్యాక ఆ సంగతే మరిచాను.

తర్వాత నీటిపారుదల శాఖలో ట్రేసరుగా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌నై, హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా 2008లో రిటైరయ్యాను. మాకు చేయి అంటే అన్నం పెట్టే చేయి. ట్రేసింగ్ క్లాత్ మీద ఇంకుతో గీసిన గీత ఒకసారి అదిరిందంటే మళ్ళీ మొదటికి రావాలి. ఫ్రెంచ్ కర్వ్ పెట్టి నేను గీసిన కాలువ వంపులు చూసి ఇంజనీరుగారు "ఇది అచ్చు వేసినట్టుందయ్యా" అన్న రోజులున్నాయి. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ చేయి తర్వాత ఏమైందో చెప్పడానికి చెబుతున్నాను.

2013లో మొదలైంది. ముందు కాఫీ కప్పు సాసరు మీద టకటక మనడం. తర్వాత అన్నంలో చారు పోసుకుంటే పక్కకు పోవడం. పెళ్ళి విందులకు వెళ్ళడం మానేశాను. ఒకరోజు మనవరాలి కాలేజీ ఫీజుకు ఇచ్చిన చెక్కును బ్యాంకువారు తిప్పి పంపారు. సంతకం తేడా అన్నారు. బ్యాంకు పేరు చెప్పను, వారి తప్పూ లేదు. నమూనా సంతకం ముందు పెట్టి, పైన అద్దం ఉన్న కౌంటరు దగ్గర నా చేత ఆరుసార్లు సంతకం చేయించారు. ఆరూ ఆరు రకాలుగా వచ్చాయి. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు చూస్తున్నారు. ముప్ఫై ఆరేళ్ళు గీతలు గీసి బతికినవాడిని, నా పేరు నేను గీయలేకపోయాను. ఇంటికి వచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

డాక్టరుగారు పరీక్ష చేసి ఇది పార్కిన్సన్స్ జబ్బు కాదన్నారు. అందులో చేయి ఊరికే ఉన్నప్పుడు వణుకు ఎక్కువగా కనిపిస్తుందట. నాది చేయి గాలిలో పట్టుకున్నప్పుడు, పని చేయబోయినప్పుడు వచ్చే వణుకు. దీన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. వయసు మళ్ళినవారిలో చాలామందికి ఉండేదే. మందు కొంత తగ్గిస్తుంది, పూర్తిగా పోదు అని ఉన్నమాట చెప్పారు. ఈ సభలో ఎందరు కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నారో ఇందాక చూశాను. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

యంత్రం కొన్నది మా అల్లుడు. "మామయ్యగారూ, చిన్నప్పుడు ఏదో చెక్కపని చేసేవారట కదా" అని 16 అంగుళాల స్క్రోల్ సా తెప్పించి వెనక వరండాలో పెట్టించాడు. వణికే చేతికి కరెంటు రంపమా అని మా ఆవిడ గుమ్మంలోనే అడ్డుపడింది. నాకూ భయంగానే ఉంది. వారం రోజులు దాని మీద దుప్పటి కప్పి ఉంచాం.

ఒకరోజు ధైర్యం చేసి ఒక చెక్క ముక్క పెట్టి ఆన్ చేశాను. రెండు అరచేతులూ చెక్క మీద ఆనించి, ముంజేతులు బల్ల అంచుకు మోపి, మెల్లగా తోశాను. గీత తిన్నగా వచ్చింది! మళ్ళీ చేశాను. మళ్ళీ తిన్నగానే వచ్చింది. కారణం ఆలోచిస్తే తెలిసింది. పెన్ను పట్టుకుంటే చేయి గాలిలో ఉంటుంది, పెన్ను కొస వణుకుతుంది. ఇక్కడ రంపాన్ని యంత్రం పట్టుకుంటుంది. నా చేతుల బరువు బల్ల మోస్తుంది. చేయి ఆనుకునే చోటు దొరికితే వణుకు చాలావరకు సద్దుమణుగుతుంది. జబ్బు నయమైందని ఎవరూ అనుకోవద్దు. సంతకం ఈనాటికీ వంకరే.

బ్లేడు బిగువు గురించి ఒక మాట. బ్లేడు వదులైతే విల్లులా వంగి గీత తప్పుతుంది. మరీ బిగిస్తే తెగుతుంది. సరిపడా బిగిసిందో లేదో వేలితో మీటి, మోగే శ్రుతిని బట్టి తెలుసుకోవాలి. నాకు సంగీతం రాదు. మా ఆవిడ చిన్నతనంలో వీణ నేర్చుకుంది. వంటింట్లోంచే "ఏమండీ, ఇంకా వదులుగానే ఉంది, అర బిగించండి" అనేది. యంత్రానికి అడ్డుపడ్డ మనిషే దానికి శ్రుతి పెట్టింది. బ్లేడు మార్చినప్పుడల్లా ఈనాటికీ ఆ చెవే గతి.

మొదట అరచేయంత చిలకలు, పిచుకలు కోశాను. తర్వాత పళ్ళెమంత పాలపిట్ట. చుట్టాలకు పంచాను. వాళ్ళు మొహమాటానికి గోడకు తగిలించుకున్నారు. చిన్నవి చాలించి పెద్దది చేయాలన్న కోరిక పుట్టింది. ఏ పక్షి అన్న ఆలోచనే రాలేదు. సూళ్ళూరుపేటలో పనిచేసిన ఆరేళ్ళలో శ్రీహరికోట రోడ్డు మీద పులికాట్ సరస్సు దాటుతూ ఎన్నిసార్లు చూశానో ఆ రాజహంసలను! ఫ్లెమింగోలు అంటారే, అవి. చిలికా తర్వాత మన దేశంలో ఉప్పునీటి సరస్సుల్లో పెద్దది పులికాటే. చలికాలంలో మోకాలి లోతు కూడా లేని ఆ నీళ్ళలో వందలకొద్దీ నిలబడి, తల కిందులు చేసి, ముక్కుతో బురదనీళ్ళు వడకట్టుకుని తింటుంటాయి. పుట్టినప్పుడు బూడిద రంగు. తినే తిండిలోని రంగే ఏళ్ళ మీద ఈకలకు పట్టి గులాబి అవుతుంది. నాలుగడుగుల ఎత్తు పక్షికి కాళ్ళు మన బొటనవేలంత లావు ఉండవు. కాలు మధ్యలో వెనక్కి వంగే కీలును అందరూ మోకాలు అనుకుంటారు. అది నిజానికి చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. గీసేవాడికి ఇది తెలియకపోతే బొమ్మ కొంగలా వస్తుంది, రాజహంసలా రాదు.

ఒక్క పక్షి, ఒంటికాలి మీద నిలబడినట్టు, 40 అంగుళాల ఎత్తున గీశాను. చేత్తో తిన్నగా గీయలేను కనుక చిన్న కాగితం మీద చుక్కలు పెట్టుకుని, ఫ్రెంచ్ కర్వ్‌ను బల్లకు అదిమిపెట్టి కలిపి, పెద్ద ప్రింట్లు తీసే జిరాక్స్ షాపులో పెంచి తెచ్చాను. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. బొమ్మను నాలుగింతలు పెంచితే సన్నని చోట్లు కూడా నాలుగింతలు లావవుతాయి కదా, ఇక విరగదు అనుకుంటారు. వెడల్పు పెరుగుతుంది, నిజమే. పలక మందం మాత్రం పెరగదు. 6 మిల్లీమీటర్ల పలక చిన్న చిలకకు రాయిలా ఉంటుంది, పెద్ద పక్షికి తాటాకులా ఊగుతుంది.

చెక్క విషయంలో కూడా ఒక మాట. మంచి టేకు పలకైతే బాగుంటుంది కదా అని అడుగుతారు. టేకుకు నార ఒకే దిక్కున పోతుంది. నార వెంట కోసిన కాలు నిలుస్తుంది. నారకు అడ్డంగా కోసిన మెడ వేలితో నొక్కితే పుటుక్కుమంటుంది. రాజహంసకు అన్ని దిక్కులకూ తిరిగే మెడ ఉంది. అందుకని ప్లైవుడ్డే దిక్కు. అందులో ఒక పొర నార నిలువుగా, దాని మీది పొర అడ్డంగా ఉంటుంది. అయితే చవక కమర్షియల్ ప్లైలో లోపలి పొరలు సరిగ్గా ఆనక ఖాళీలు ఉంటాయి. పైకి కనిపించవు. నేను ఆ చవక రకమే కొన్నాను. పెన్షనర్ బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఐదు వారాలు పట్టింది. నా తొందర ఏమిటంటే, పక్షి ఆకారం ఎప్పుడు కంటికి కనబడుతుందా అని. ముందు చుట్టూ ఉన్న గీత కోసేశాను. పలక విడిపోయి రాజహంస చేతికి వచ్చింది. వరండా స్తంభానికి ఆనించి మా ఆవిడను పిలిచి చూపించాను. ఇక రెక్కలోని ఈకల మధ్య సందులు కోయాలి. అవి అరవై దాకా ఉన్నాయి. యాభై పైచిలుకు అయ్యాయి. ఆ రోజు మధ్యాహ్నం బ్లేడు పైకి వస్తూ చెక్కను కూడా లేపింది. చెక్క బల్ల మీద టకటకటకా కొట్టుకుంది. గాభరాపడి అరచేత్తో గట్టిగా అదిమాను. కాలు బల్ల అంచు దాటి గాలిలో ఉందన్న సంగతి చూసుకోలేదు. చీలమండ దగ్గర విరిగి కింద పడింది.

స్విచ్ ఆపి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నా చేతి వణుకే విరగ్గొట్టిందని నాకు సందేహం లేదు. బ్యాంకు కౌంటరు గుర్తుకొచ్చింది. యంత్రం మీద మళ్ళీ దుప్పటి కప్పాను. రెండు నెలలు వెనక వరండాకే పోలేదు. అల్లుడు ఫోన్ చేసి అడిగితే కరెంటు సరిగ్గా ఉండడం లేదని అబద్ధం చెప్పాను.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆవిడ ఆ విరిగిన కాలు తెచ్చి కంచం పక్కన పెట్టింది. "ఏమండీ, ఆవేళ నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. మీ చేయి వణకలేదు. అంత పక్షి బరువూ ఈ పుల్ల మీద వేస్తే వణుకు లేనివాడు కోసినా విరగదా?" అంది. కాలు తీసుకుని వెలుతురులో చూశాను. విరిగిన చోట లోపలి పొరలో వడ్లగింజంత ఖాళీ ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే కాలు వెడల్పు 7 మిల్లీమీటర్లు, పొడవు 19 అంగుళాలు. మధ్యలో ఎక్కడా దేన్నీ ఆనుకుని లేదు. ఏ వంతెన డ్రాయింగులోనైనా ఇలాంటిది గీసి తీసుకెళ్ళి ఉంటే మా ఇంజనీరుగారు కాగితం మొహాన కొట్టి ఉండేవారు. అదే వెడల్పు, అదే బరువు ఉంచి ఆధారాల మధ్య దూరం సగం చేస్తే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాలువల మీద వంతెనలకు అన్నేళ్ళు గీసిన సంగతే. పక్షి దగ్గరకొచ్చేసరికి మరిచాను.

భోజనం చల్లారిపోయింది. ఆ సాయంత్రమే కొత్త బొమ్మ మొదలుపెట్టాను.

కాళ్ళకు ఆనుకునే చోట్లు కావాలి కనుక చుట్టూ రెల్లు పొద గీశాను. బలానికి బలం, అందానికి అందం. నాతో సూళ్ళూరుపేటలో పనిచేసిన మిత్రుడు, ఈ సభలోనే ఉన్నారు, వచ్చి చూసి "పులికాట్‌లో రెల్లు ఎక్కడ చూశావయ్యా? రాజహంసలు నిలిచేది బట్టబయలు నీళ్ళలో కదా" అన్నారు. నాకు కోపం వచ్చింది. చెక్క నిలవాలంటే ఏదో ఒకటి ఉండాలి కదా అని వాదించాను. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయారు. రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన చెప్పింది నిజం. చెక్క కోసం పక్షిని పరాయిచోట నిలబెట్టడం నాకూ రుచించలేదు. రెల్లంతా చెరిపేశాను.

మరి ఆధారం ఎలా? ఆ పక్షులు నిజంగా నిలబడే తీరు గుర్తు చేసుకున్నాను. మేత మేసేటప్పుడు మెడ కిందికి దించి ముక్కు నీళ్ళలో పెడుతుంది. అప్పుడు ఆ మెడే మూడో కాలవుతుంది. నిద్రపోయేటప్పుడు ఒంటికాలి మీద నిలిచి, మెడ మడిచి తల వీపు మీద పెట్టుకుంటుంది. అప్పుడు మెడ తనకు తానే చుట్టుకుని వీపును ఆనుకుంటుంది. విరిగే కొస ఉండదు. మెడ ఎత్తిన పక్షి ఒకటి ఉంటే దాని గొంతు పక్కదాని రెక్క కొసకు తగులుతుంది. ఒంటరిగా నిలబడలేనిది గుంపులో నిలబడింది. నీటి అలలు మూడు వరసలు గీసి కాళ్ళను మూడు ఎత్తుల్లో కలిపాను. ఇంకా చాలకపోతే చేపలవాళ్ళు వలలు కట్టడానికి నీళ్ళలో పాతే గుంజలు రెండు పెట్టాను. మిత్రుడిని మళ్ళీ పిలిచి చూపించాను. గుంజలు చూసి నవ్వి "ఇది పులికాటే" అన్నారు.

ఇక కోత. బొమ్మ ఎత్తు 40 అంగుళాలు, వెడల్పు 30. నా యంత్రంలో బ్లేడుకు, వెనక స్తంభానికి మధ్య దూరం 16 అంగుళాలే. వంపులు కోయాలంటే పలకను తిప్పాలి. పెద్ద పలక తిప్పబోతే వెనక స్తంభానికి కొట్టుకుంటుంది. పెద్ద బొమ్మలకు ఇదే అసలు చిక్కు. నేను బొమ్మను పొట్ట ఈకల వరస దగ్గర రెండు ముక్కలు చేశాను. ఐదు కాళ్ళు, వంచిన మెడ ఒకటి, గుంజలు రెండు, మొత్తం ఎనిమిది అతుకులు. వెనకనుంచి 3 మిల్లీమీటర్ల పట్టీలు ఫెవికాల్‌తో అతికితే ముందుకు కనబడవు. అప్పటికీ అందని చోట్లుంటాయి. ఒక గీతను ఈ కొసనుంచి కోయలేకపోతే అవతలి కొసనుంచి కోయవచ్చు. అదీ కుదరకపోతే మెలి తిప్పిన బ్లేడు ఉంది. దాని పళ్ళు అన్ని వైపులా ఉంటాయి కనుక పలకను తిప్పకుండానే ఎటైనా జరపవచ్చు. కానీ కోత గరుకుగా, వెడల్పుగా వస్తుంది. నార పట్టుకుని పక్కకు లాగుతుంది. గత్యంతరం లేనప్పుడే వాడాలి.

ఈసారి మెరైన్ ప్లై కొన్నాను. ఐ.ఎస్. 710 ముద్ర చూసి, అంచులో పొరలు కంటితో చూసి మరీ తెచ్చాను. కాగితం అతికించడంలో కూడా పాఠం నేర్చుకున్నవాడినే. తొలిసారి ఫెవికాల్ పూసి అతికిస్తే, తర్వాత తడిపి గీకేసరికి పై పొర కూడా లేచివచ్చింది. ముందు పలక మీద మాస్కింగ్ టేపు వేసి, ఆ టేపు మీద కాగితం అతికించాలి. పని అయ్యాక రెండూ కలిసి ఊడి వస్తాయి.

లోపలి సందులు మొత్తం 214. ఒక్కోదానికి ముందు ఒక మిల్లీమీటరు చిల్లు వేయాలి. బ్లేడు పై కొస విప్పి, చిల్లులోంచి దూర్చి, మళ్ళీ బిగించి, శ్రుతి చూసుకోవాలి. ఒక్కోదానికి నిమిషంన్నర చొప్పున వేసుకున్నా దూర్చడానికే ఐదు గంటలు పైన. వణుకు నన్ను పట్టుకున్నది ఇక్కడే. చేయి గాలిలో పెట్టి చిల్లులో తీగ దూర్చాలి. సూదిలో దారం ఎక్కించడమే. దానికి మా మనవరాలు ఒక ఉపాయం చెప్పింది. పలకను బల్ల మీద ఉంచి, మోచేయి ఆనించి, కిందనుంచి చిల్లు వెతుక్కోవాలి. చిల్లు కింది మూతిని కొంచెం వెడల్పు చేస్తే బ్లేడు తనే జారి దూరుతుంది.

మొదటిసారి చేసిన తప్పు చేయలేదు. ముందు లోపలి సన్న సన్న సందులు, అవీ నడిమధ్య నుంచి మొదలుపెట్టి బయటికి. కన్ను, ముక్కు వంటి నాజూకైనవి చుట్టూ చెక్క నిండుగా ఉండగానే కోయాలి. ఈకలకు ఒకటో నంబరు బ్లేడు, కంటికి అంతకన్నా సన్నం, గుంజలకు మూడో నంబరు. కోసిన తుక్కు ముక్కలను పారేయకుండా కాళ్ళ మధ్యవి మళ్ళీ వాటి చోట్లలోనే పెట్టి టేపు వేశాను. అవి కాళ్ళను పట్టుకుని ఉంటాయి. అన్నీ అయ్యాక, చిట్టచివర, బయటి గీత. ఆ ఆఖరి కోత రోజున మా ఆవిడ ఒక పక్క, మనవరాలు ఒక పక్క పలకను బల్ల ఎత్తులో పట్టుకున్నారు. ఎవరూ మాట్లాడలేదు. కోత పూర్తయి స్విచ్ ఆపాక కూడా కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డారు. నేను "వదలండి" అనాల్సి వచ్చింది.

నాలుగు నెలలు, నలభై మూడు బ్లేడ్లు. ఖర్చు లెక్క మా ఆవిడ రాసి పెట్టింది, నాకు చూపించదు.

చేద్దామనుకునేవారికి జాగ్రత్తలు రెండు మూడు చెప్పి ముగిస్తాను. చెక్కపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఎండీఎఫ్ పొడి మరీ చెడ్డది. ఉబ్బసం ఉన్నవారు మూతికి మంచి మాస్కు లేకుండా దగ్గరికి పోవద్దు. గుండెకు రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు మనలో చాలామంది ఉన్నారు. చిన్న గీత పడినా రక్తం చప్పున ఆగదు. డాక్టరుగారిని అడగకుండా రంపం జోలికి పోవద్దు. కాలితో నొక్కే స్విచ్ పెట్టించుకోండి. అప్పుడు రెండు చేతులూ చెక్క మీదే ఉంటాయి. ఇంకొకటి. గరుకు కాగితంతో రుద్ది రుద్ది నా వేళ్ళ గీతలు అరిగిపోయాయి. జీవన్ ప్రమాణ్ వేలిముద్ర యంత్రం నేను బతికే ఉన్నానని నాలుగుసార్లు ఒప్పుకోలేదు. ముఖం చూసి గుర్తించే పద్ధతి 2021లో వచ్చింది కనుక బతికిపోయాను.

సంతకం సంగతి అడుగుతారేమో. ఆ బ్యాంకులోనే కొత్త నమూనా సంతకం ఇచ్చాను. వంకరదే. మోచేయి కౌంటరు మీద ఆనించి చేశాను. ఇప్పుడు తేడా రావడం లేదు.

రాజహంసలను పక్కగదిలో గోడకు ఆనించి పెట్టాం. అల్లుడు కారు వెనక సీటు విప్పించి తెచ్చాడు. దారిలో మేత మేసే పక్షి కాలివేలు ఒకటి విరిగింది. పొద్దున్న ఇక్కడికి వచ్చాక ఫెవిక్విక్‌తో అతికించాను. ఏ వేలో కనిపెట్టినవారికి బహుమతి లేదు. పిల్లలను వెంట తీసుకువెళ్ళి చూపించండి. ముట్టుకోవచ్చు కూడా. ఎత్తి చూడాలనిపిస్తే మాత్రం మెడ పట్టుకోవద్దు, గుంజలు పట్టుకోండి.